పదిహేనుకు పడిపోయి ఏడు వందలకు ఎలా లేచింది? దీవి నక్క లెక్క

కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా పసిఫిక్ సముద్రంలో చానెల్ దీవులని ఎనిమిది ఉన్నాయి. వాటిలో ఆరింటి మీద మాత్రమే, ప్రపంచంలో మరెక్కడా దొరకని ఒక చిన్న నక్క ఉంటుంది. శాస్త్రీయ నామం యూరోసయాన్ లిటొరాలిస్. మనం దీవి నక్క అందాం. సాన్ మిగెల్ దీవి మీద 1994లో ఇవి సుమారు 450 ఉండేవి. 1999 వచ్చేసరికి 15 మిగిలాయి. 2015లో మళ్లీ 700 దాకా ఉన్నాయి. పక్కనున్న శాంటా రోసాలో దాదాపు 1,750 నుంచి 15కు పడిపోయి, తర్వాత 1,200 దాటాయి. శాంటా క్రూజ్‌లో దాదాపు 1,450 కాస్తా 55 ప్రాంతానికి దిగజారి, 2015 నాటికి 2,100కు చేరాయి.

ఈ అంకెలు చూసిన ఎవరికైనా పిల్లలు పుట్టడం ఆగిపోయిందేమో, తర్వాత బోనుల్లో పెంచి పిల్లల్ని పుట్టించారు కాబట్టి కోలుకున్నాయేమో అనిపిస్తుంది. ఆ రెండోది కొంతవరకు నిజమే. కానీ అసలు తాళంచెవి పిల్లల దగ్గర లేదు, ఈనే వయసుకు వచ్చిన పెద్ద నక్క వచ్చే ఏడాదిదాకా బతుకుతుందా లేదా అన్నదాంట్లో ఉంది. మిగతా లెక్కంతా దాని చుట్టూ తిరిగేదే.

ముందు జంతువు సంగతి

ఖండం మీద తిరిగే బూడిదరంగు నక్కకు ఇది దగ్గరి బంధువు, పరిమాణంలో దానికంటే మూడో వంతు చిన్నది. బరువు ఒకటి నుంచి 2.8 కిలోల లోపు. చాలావరకు రెండు కిలోల దగ్గరే ఉంటాయి, అంటే ఇంట్లో పిల్లికంటే కూడా తేలిక. వీపు నెరిసిన బూడిదరంగు, చెవుల వెనక, మెడ పక్కల, కాళ్ల మీద ఇటుకరంగు, తోక పైభాగాన నల్లటి చార. చెట్లెక్కుతుంది. పట్టపగలు కూడా బయట తిరుగుతుంది. ఈ చివరి విషయం గుర్తుంచుకోండి, తర్వాత దాని ప్రాణం మీదికి వచ్చింది ఇదే.

తిండి విషయంలో పేచీ లేదు. డీర్ మౌస్ అనే చిట్టెలుకలు, మిడతలు, పురుగులు, నేలమీద గూడుకట్టే పక్షుల గుడ్లు, నాగజెముడు పండ్లు, టోయన్, మంజనీటా పొదల కాయలు, అన్నీ తింటుంది. ఒక కాలంలో ఒకటి దొరక్కపోతే ఇంకోదానికి మళ్లుతుంది. అందుకే ఒక్కో జంటకు కావలసిన జాగా చాలా తక్కువ, కొన్నిచోట్ల చదరపు కిలోమీటరులో సగం కూడా అక్కర్లేదు. సాన్ మిగెల్ మొత్తం వైశాల్యం 38 చదరపు కిలోమీటర్లు. అందులో 450 నక్కలంటే చదరపు కిలోమీటరుకు దాదాపు పన్నెండు. కుక్కల కుటుంబంలో ఇంత కిక్కిరిసి బతికే జంతువు దొరకడం కష్టం.

జంట కడితే కలిసే ఉంటాయి. ఏడాదికి ఒక్క ఈత. ఫిబ్రవరి, మార్చిల్లో కలయిక, ఏడు వారాల పైచిలుకు గర్భం, ఏప్రిల్‌లో పిల్లలు. ఈతకు ఒకటి నుంచి ఐదు, సగటున రెండు. కుందేలులాగానో ఎలుకలాగానో ఇది సంఖ్యతో నెగ్గుకొచ్చే జీవి కాదు. వేటాడే పెద్ద జంతువేదీ లేని దీవి మీద వేల ఏళ్లు గడిపింది కాబట్టి తక్కువ పిల్లలు, ఎక్కువ ఆయుష్షు అన్న పద్ధతి దానికి సరిపోయింది. అడవిలో నాలుగు నుంచి ఆరేళ్లు మామూలు, పదేళ్లు బతికినవీ ఉన్నాయి.

వంద నక్కలతో ఒక కాగితపు లెక్క

దీవుల మీద కొలిచిన అంకెలు దీవిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి. ఇక్కడ వివరణ కోసం గుండ్రటి అంకెలు తీసుకుందాం. ఒక దీవి మీద వంద పెద్ద నక్కలు, అంటే 50 జంటలు. ప్రతి జంటా ప్రతి ఏడూ ఈనదు. 30 జంటలు ఈనాయనుకుంటే, జంటకు రెండు చొప్పున 60 పిల్లలు. వాటిలో నూటికి అరవై మరుసటి ఏడాదికి మిగిలితే 36. పెద్దవాటిలో నూటికి 85 బతికితే, మొత్తం 85 + 36 = 121. ఏటా 21 శాతం పెరుగుదల. ఐదేళ్లలో వంద కాస్తా 259 అవుతుంది.

ఇప్పుడు అదే దీవి మీదికి కొత్తగా ఒక వేటపక్షి వచ్చి, పెద్దవాటి బతుకు నూటికి 55కు, పిల్లలది నూటికి 40కి పడిపోయిందనుకోండి. పుట్టే పిల్లలు మళ్లీ అరవైమందే. 55 + 24 = 79. ఐదేళ్లకు 31. పదేళ్లకు పది కూడా ఉండవు.

ఈ నష్టాన్ని కాన్పులతో పూడ్చాలంటే ఎన్ని పిల్లలు కావాలి? చచ్చిన 45 పెద్దవాటి స్థానంలో 45 పిల్లలు బతికి రావాలి. నూటికి నలభయ్యే బతికే చోట అందుకు దాదాపు 113 పిల్లలు పుట్టాలి. పుడుతున్నవి 60. జంటలన్నీ ఈనినా 100 దాటదు. అంటే దారి మూసుకుపోయినట్టే. పెద్దవాటి మరణాలు ఒక హద్దు దాటాక, ఈ నక్క పిల్లల్ని కని తప్పించుకోలేదు.

దీన్నే తిప్పి చూస్తే కోలుకునే దారీ కనిపిస్తుంది. పెద్దవాటి బతుకును పది పాయింట్లు పెంచితే వందకు పది నక్కలు నేరుగా మిగులుతాయి. అదే పది నక్కల్ని కాన్పుల ద్వారా సంపాదించాలంటే, మొదటి లెక్క ప్రకారం 17 పిల్లలు అదనంగా పుట్టాలి, అంటే కాన్పులు దాదాపు 28 శాతం పెరగాలి. చేతిలో డబ్బూ మనుషులూ తక్కువున్నప్పుడు ఏ పని ముందు చేయాలో ఈ రెండు అంకెలే చెబుతాయి.

చంపిందెవరు?

1990లలో మొదట అనుమానపడింది జబ్బును. దీవి జంతువు, జనాభా హఠాత్తుగా కూలింది, కాబట్టి వైరసే అయివుంటుందన్న ఆలోచన సహజమే. కానీ శాంటా క్రూజ్‌లో జీవశాస్త్రవేత్త గ్యారీ రోమర్ బృందం రేడియో కాలర్ల (మెడకు కట్టే, సంకేతాలు పంపే పట్టీల) సాయంతో వెతికి పట్టుకున్న కళేబరాలు వేరే మాట చెప్పాయి. పొట్ట చీల్చి లోపలి అవయవాలు తీసేసి ఉన్నాయి. చర్మం ఒంటి మీంచి ఊడదీసినట్టు మడతపడి ఉంది. పక్కనే ఈకలు, తెల్లటి రెట్ట. జబ్బుతో చచ్చిన నక్క ఇలా ఉండదు. దొరికిన కళేబరాల్లో దాదాపు నూటికి తొంభై గోల్డెన్ ఈగల్ అనే పెద్ద గద్ద పనేనని తేలింది.

చిక్కేమిటంటే, ఆ గద్ద ఈ దీవుల మీద గూడుకట్టి కాపురం ఉండేది కాదు. ఖండం నుంచి అప్పుడప్పుడూ వచ్చిపోయేది, అంతే. మరి 1990లలో ఎందుకు స్థిరపడింది? ఇక్కడే కథ వెనక్కి వెళ్లాలి.

శాంటా క్రూజ్‌లో 1850లలోనే పెంపుడు పందులు వదిలారు. అవి అడవిపాలై వేలల్లో పెరిగాయి. శాంటా రోసాలో పశువుల యజమానులు వేట కోసం మ్యూల్ జింకల్ని, ఎల్క్ దుప్పుల్ని తెచ్చి వదిలారు. పందిపిల్లలు, దుప్పిపిల్లలు, చచ్చిన వాటి కళేబరాలు, ఏడాది పొడవునా గద్దకు తిండి. ఇంకోవైపు ఈ దీవుల అసలు గద్ద బాల్డ్ ఈగల్. చేపలూ సముద్రపక్షులూ తినే పక్షి, నక్క జోలికి సాధారణంగా పోదు, తన ఇలాకాలోకి మరో పెద్ద గద్దను సులభంగా రానివ్వదు. లాస్ ఏంజిలిస్ దగ్గరి ఫ్యాక్టరీ నుంచి దశాబ్దాలపాటు మురుగుకాలువల గుండా సముద్రంలో కలిసిన డీడీటీ చేపల్లోకి, చేపల నుంచి ఈ గద్దల్లోకి చేరింది. గుడ్ల పెంకులు పలచబడి, పొదిగే తల్లి బరువుకే పగిలిపోయాయి. 1960ల నాటికి దీవుల మీద బాల్డ్ ఈగల్ లేదు. ఖాళీ అయిన ఇల్లు, దాంట్లో నిండుగా పందులు.

దీనికి తోడు గొర్రెలు. శాంటా క్రూజ్‌లో ఒక్క 1980లలోనే 37,000 దాకా గొర్రెల్ని తొలగించారంటే అంతకుముందు పొదల సంగతి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. పగలు తిరిగే నక్కకు పైనుంచి కనపడకుండా దాక్కునే చోటు తగ్గింది. పైకి చూసే అలవాటూ దానికి లేదు.

గద్ద ఎందుకు ఆగలేదు?

మామూలుగా వేటాడే జంతువు, వేటకు గురయ్యే జంతువు కలిసి ఊగుతుంటాయి. నక్కలు తగ్గితే నక్కల్ని తినేవాటికి తిండి తగ్గి, అవీ తగ్గాలి. అప్పుడు నక్కలకు ఊపిరి సలుపుతుంది. చానెల్ దీవుల్లో ఈ బ్రేకు పడలేదు. ఎందుకంటే గద్దలు నక్కల మీద ఆధారపడలేదు. వాటికి పందులు జీతం, నక్కలు గీతం. గీతం తగ్గితే ఎవడూ ఉద్యోగం మానడు.

దీని ఫలితం అంకెల్లో భయంకరంగా ఉంటుంది. గద్దలు ఏడాదికి ముప్పై నక్కల్ని పట్టుకుపోతున్నాయనుకుందాం. 300 ఉన్నప్పుడు అది పది శాతం, తట్టుకోవచ్చు. 60కి తగ్గాక అదే ముప్పై సగం. నక్కలు తగ్గేకొద్దీ ఒక్కో నక్కకు ప్రమాదం పెరుగుతుంది. అందుకే పతనం మొదట్లో నెమ్మదిగా కనిపించి, చివర్లో జారుడుబండ మీదిలా సాగింది. తెచ్చిపెట్టిన జంతువు ఒకటి దేశవాళీ జంతువుతో ఎక్కడా కొట్లాడకుండానే, తిండి పంచుకోకుండానే, మూడోదాని ద్వారా దాన్ని తుడిచిపెట్టే పరిస్థితి ఇది. పందిని చూసి నక్కకు శత్రువని ఎవరూ అనుకోరు. రోమర్, డాన్లన్, కోర్షాంప్ అనే శాస్త్రవేత్తలు 2002లో ఈ గొలుసును లెక్కలతో సహా బయటపెట్టారు.

నక్కలు పోయిన ఖాళీలో మచ్చల స్కంక్ అనే మరో చిన్న మాంసాహారి శాంటా క్రూజ్, శాంటా రోసాల మీద విపరీతంగా పెరిగింది. అది రాత్రిపూట తిరిగేది కాబట్టి పగటి గద్దకు చిక్కలేదు. నక్కలు తిరిగొచ్చాక మళ్లీ తగ్గింది.

ఏ పని ముందు, ఏ పని తర్వాత

పందుల వల్లే ఇదంతా అయితే ముందు పందుల్ని తీసేస్తే సరిపోదా? సరిపోదు, పైగా కొంప మునుగుతుంది. పందులు మాయమైన రోజు ఆకలిగొన్న గద్దలన్నీ మిగిలిన ఆ కొద్ది నక్కల మీద పడతాయి. పోనీ గద్దల్ని ఒక్కటే తీసేస్తే? పందులున్నంతకాలం ఖండం నుంచి కొత్త గద్దలు వస్తూనే ఉంటాయి. కాబట్టి గద్దల్ని పట్టడం ముందు మొదలవ్వాలి, పందుల పని దాని వెనకే రావాలి, ఈ లోపు మిగిలిన నక్కలు కప్పున్న బోనుల్లో క్షేమంగా ఉండాలి. అమెరికా జాతీయ పార్కుల సేవా సంస్థ, నేచర్ కన్సర్వెన్సీ అనే స్వచ్ఛంద సంస్థ, ప్రభుత్వ చేపలు వన్యప్రాణుల విభాగం కలిసి చేసింది దాదాపు ఇదే.

1999లో సాన్ మిగెల్ మీద మిగిలిన 15లో 14ని పట్టారు. వాటిలో ఆడవి పది, మగవి నాలుగే. జంటల్ని కూర్చడంలో మొదటి తలనొప్పి అదే. శాంటా రోసాలో 2000లో మిగిలిన 15నీ పట్టారు. ఏ దీవి నక్కను ఆ దీవి మీదే పెంచారు, ఒక దీవి రక్తాన్ని మరోదానితో కలపలేదు, ఎందుకంటే ఆరు దీవుల మీదివి ఆరు ఉపజాతులు. బోనుల్లో పెంపకం సాఫీగా సాగలేదు. కొన్ని జంటలు పొసగలేదు, మగవి ఆడవాటిని కరిచి గాయపరిచిన సందర్భాలున్నాయి. కొన్ని జంటలు ఏళ్ల తరబడి ఈనలేదు. దగ్గరి బంధువులు జతకాకుండా వంశవృక్షం చూసుకుంటూ జంటల్ని మార్చాల్సి వచ్చింది.

గోల్డెన్ ఈగల్ చట్టం రక్షించే పక్షి, కాల్చడానికి లేదు. ప్రాణంతో పట్టి ఉత్తర కాలిఫోర్నియా తూర్పు ప్రాంతానికి తరలించారు. ఎర పెట్టి విల్లులా మూసుకునే వలలతో మొదటివి సులువుగానే దొరికాయి. ఆఖరివి ఎరను నమ్మడం మానేశాయి. వాటి కోసం హెలికాప్టర్ నుంచి వల విసిరే తుపాకులు వాడాల్సొచ్చింది. 1999 నుంచి 2006 మధ్య నలభైకి పైగా గద్దల్ని తరలించారు. ఇది పూర్తవకముందే తొందరపడి వదిలిన కొన్ని నక్కలు శాంటా క్రూజ్‌లో వారాల వ్యవధిలోనే గద్దల పాలయ్యాయి. బతికినవాటిని మళ్లీ పట్టి లోపల పెట్టారు. రెండు మూడు గద్దలు మిగిలి ఉన్నా నక్కల్ని వదలకూడదని అక్కడ తేలిపోయింది.

పందుల పని 2005, 2006ల్లో జరిగింది. 250 చదరపు కిలోమీటర్ల శాంటా క్రూజ్‌ను కంచెలతో ఐదు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఖాళీ చేస్తూ వెళ్లారు. మొదట బోనులు, తర్వాత హెలికాప్టర్ నుంచి కాల్పులు, ఆపైన కుక్కలతో నేలమీద గాలింపు. చివరికి కొన్ని పందులకు రేడియో కాలర్ కట్టి వదిలారు. పంది గుంపును వెతుక్కుంటూ పోతుంది కాబట్టి, దాగున్న ఆఖరి పందుల దగ్గరికి అదే దారి చూపిస్తుంది. మొత్తం 5,036 పందులు. భాగాలుగా విడగొట్టడం ఇందులో కీలకం. కంచె లేకపోతే ఒక మూల నుంచి తరిమినవి మరో మూలకు చేరి, రెండేళ్లలో మళ్లీ నిండేవి. శాంటా రోసాలో జింకలు, దుప్పుల తొలగింపు మాత్రం 2011 దాకా సాగింది.

2002 నుంచి 2006 మధ్య 61 బాల్డ్ ఈగల్ పిల్లల్ని శాంటా క్రూజ్ మీద వదిలారు. 2006లో, యాభై ఏళ్ల పైచిలుకు తర్వాత, ఆ దీవుల మీద వాటి గూటిలో సహజంగా గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చింది. ఇవి గోల్డెన్ ఈగల్‌ను ఎంతవరకు దూరంగా ఉంచుతాయన్న దాని మీద వాదన ఉంది. నక్కలు కోలుకోవడంలో అసలు బరువు మోసింది మాత్రం గద్దల తరలింపు, పందుల తొలగింపే.

2008 నాటికి బోనుల్లో పెంపకం ఆపేశారు. శాంటా క్రూజ్‌లో 55 ప్రాంతం నుంచి 2,100కు చేరడమంటే, వదిలినవి కలుపుకుని ఏటా సగటున 30 శాతం పెరుగుదల. అంటే రెండున్నరేళ్లు దాటేసరికి రెట్టింపు. మన కాగితపు లెక్కలో 21 శాతమే కదా వచ్చింది? తేడా ఎక్కడుందంటే, నక్కలు పలచగా ఉన్నప్పుడు జాగా, తిండి పుష్కలం. ఏడాది వయసు ఆడవి కూడా ఈనతాయి, ఈనే జంటల శాతం పెరుగుతుంది. 50 జంటల్లో 40 ఈని, పెద్దవాటిలో నూటికి 90 బతికితే, వంద కాస్తా ఒక్క ఏడాదిలో 138 అవుతుంది. గద్ద లేకపోతే ఈ నక్క ఎంత వేగంగా లేస్తుందో అప్పుడు బయటపడింది.

కాటలీనా: అక్కడ గద్ద కాదు, వైరస్

దక్షిణాన ఉన్న శాంటా కాటలీనాలో కారణం వేరు. 1998, 1999ల్లో అక్కడ కనైన్ డిస్టెంపర్ వచ్చింది. కుక్కలకు వచ్చే, గాలి ద్వారా, స్రావాల ద్వారా పాకే వైరస్ ఇది. 1,300 దాకా ఉన్న నక్కలు వంద దరిదాపులకు పడిపోయాయి. దీవి మధ్యలో కిలోమీటరు వెడల్పు కూడా లేని సన్నటి మెడ ఉంది. తూర్పున పెద్ద భాగం తుడిచిపెట్టుకుపోతే, ఆ మెడకు పడమటనున్న నక్కలు చాలావరకు మిగిలాయి. వైరస్ జన్యువులు ఖండం మీది రకూన్‌లు అనే చిన్న జంతువుల్లో తిరిగే రకానికి దగ్గరగా ఉన్నాయి. పడవలో ఎక్కివచ్చిన ఒక రకూన్ ద్వారా వచ్చిందన్నది బలమైన అనుమానం. పర్యాటకులు పడవల్లో పెంపుడు కుక్కల్ని తెచ్చే దీవిలో ఇంకో దారి తెరుచుకోదన్న భరోసా ఏమీ లేదు.

టీకా వేసేస్తే సరి అనుకోవడం సులువు. అసలు చిక్కు ఏ టీకా అన్నది. ఇంటి కుక్కలకు వాడే బలహీనపరిచిన బతికున్న వైరస్ టీకా, నక్కల్లాంటి అడవి జంతువులకు ఒక్కోసారి జబ్బునే తెచ్చిపెడుతుంది. చంపిన వైరస్ టీకా రక్షణ చాలినంత ఇవ్వదు. అందుకే కానరీపాక్స్ అనే పక్షి వైరస్‌లో డిస్టెంపర్ ప్రోటీన్లను తయారుచేసే జన్యువుల్ని చేర్చి రూపొందించిన టీకాను ఎంచుకున్నారు. ఇందులో డిస్టెంపర్ వైరస్ మొత్తంగా ఉండదు కాబట్టి దానివల్ల జబ్బు రాదు. దీంతోపాటు రేబీస్ టీకా.

ప్రతి నక్కకూ వేయడం కుదరని పని, అవసరమూ లేదు. ఉత్తర దీవుల్లో (సాన్ మిగెల్, శాంటా రోసా, శాంటా క్రూజ్) ఒక్కోదాని మీద వంద ప్రాంతం నక్కలకు వేస్తారు. రేపు వైరస్ వచ్చి మిగతావన్నీ పోయినా, మళ్లీ మొదలెట్టడానికి చాలినన్ని మిగలాలన్నది లెక్క. వేరే కొన్నింటికి కావాలనే టీకా వేయకుండా కాలర్ మాత్రం తొడుగుతారు. దీవి మీదికి వైరస్ వస్తే ముందు చచ్చేవి అవే, కాలర్ ఆ కబురు మోస్తుంది. వినడానికి కఠినంగానే ఉంటుంది కానీ, 1998లో ఆ కబురు సమయానికి అందలేదు, కాటలీనా తూర్పు భాగం దాదాపు ఖాళీ అయింది.

ఎలా లెక్కపెడతారు?

వేసవి చివర, శీతకాలం ముందు, పిల్లలు సొంతంగా తిరిగే కాలంలో బోనులు పెడతారు. తీగ అల్లిన పెట్టె బోను, పొద నీడలో. ఎండ తగలకుండా పైన గోనెపట్టా, లోపల పడుకోడానికి ఎండుగడ్డి. ఎర పిల్లులకు పెట్టే తిండి, పండ్ల వాసన వచ్చే ముద్ద. లోపల ఒక గొట్టం ముక్క కట్టి ఉంచుతారు. చిక్కిన నక్క బయటపడాలని తీగను కొరికితే పళ్లు విరుగుతాయి, గొట్టం కనిపిస్తే దాన్ని కొరుకుతుంది. తెల్లవారగానే వెళ్లి చూడాలి, ఎండెక్కితే ప్రమాదం.

ఈ నక్కకు మత్తు అక్కర్లేదు. కళ్లకు గుడ్డ కప్పి, మూతికి తొడుగు వేసి ఒడిలో పట్టుకుంటే చాలావరకు కదలకుండా ఉంటుంది. తూకం వేస్తారు, చర్మం కింద మైక్రోచిప్ ఎక్కిస్తారు, పై దవడ దంతాల అరుగుదలను బట్టి వయసు అంచనా వేస్తారు, పాలిచ్చిన గుర్తులున్నాయేమో చూస్తారు, రక్తం తీస్తారు, టీకా వేసి వదిలేస్తారు.

లెక్క సూత్రం సులువు. మొదటి విడతలో 40 నక్కలకు గుర్తు వేశారు. తర్వాతి విడతలో 50 చిక్కితే వాటిలో 20కి గుర్తుంది. అంటే గుర్తున్నవి మొత్తంలో నూటికి నలభై. కాబట్టి మొత్తం దాదాపు వంద. కానీ దీవి నక్క తిండిబోతు. బోనులో తిండి దొరుకుతుందని తెలిసినది మళ్లీ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. గుర్తున్నవి ఎక్కువగా చిక్కితే మొత్తం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. రెండో పొరపాటు అంచుల దగ్గర. బోనుల వరుస బయట కాపురముండే నక్క లోపలికి వచ్చి చిక్కుతుంది. దాన్ని బోనుల విస్తీర్ణానికే పంచితే సాంద్రత ఎక్కువగా తేలుతుంది. అందుకే ఇప్పుడు ఏ నక్క ఏ బోనులో ఎన్నిసార్లు దొరికిందో స్థలంతో సహా లెక్కలోకి తీసుకునే పద్ధతి వాడతారు.

బోనుల లెక్క ఏడాదికి ఒక్కసారే. మధ్యలో ఏం జరుగుతోందో చెప్పేది రేడియో కాలర్. కొన్ని గంటలపాటు కాలర్ కదలకపోతే దాని సంకేతం వేగం మారుతుంది. వెంటనే వెళ్లి కళేబరాన్ని తెచ్చి పరీక్షకు పంపాలి. వారం ఆలస్యమైతే కాకులూ పురుగులూ తినేసి, చచ్చిన కారణం తెలియదు. కారణం తెలియని మరణాల పట్టిక వల్ల ఉపయోగం తక్కువ.

ఎన్ని ఉంటే క్షేమం?

2004 మార్చిలో నాలుగు ఉపజాతుల్ని అమెరికా ప్రభుత్వం అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. 2016 ఆగస్టులో ఉత్తర దీవుల మూడింటిని తీసేసింది, కాటలీనా ఉపజాతిని ప్రమాదం తక్కువున్న మెట్టుకు మార్చింది. ఆ జాబితాను నడిపే చట్టం కింద ఇంత త్వరగా కోలుకున్న క్షీరదం మరొకటి లేదు. ఇందులో మెచ్చుకోదగ్గది కొలమానం. ఫలానా అంకె దాటితే చాలు అని పెట్టలేదు. సంఖ్యను, పెద్దవాటి మరణాల శాతాన్ని కలిపి చూసి, రాబోయే 50 ఏళ్లలో జనాభా కుప్పకూలే అవకాశం ఐదు శాతం లోపు ఉండాలన్నారు. అంటే వెయ్యి నక్కలున్నా ఏటా సగం చస్తుంటే పాస్ కాదు. మూడు వందలున్నా చావులు తక్కువైతే ఆశ ఉన్నట్టే. మన దగ్గర పులుల లెక్క వచ్చినప్పుడు ఒక్క అంకెనే పతాక శీర్షిక చేసే అలవాటుకు ఇది బొత్తిగా భిన్నం.

దీవి నిండిపోయాక పెరుగుదల ఎలాగూ ఆగుతుంది. జాగా చాలక కుర్రవి జంట కట్టలేవు, ఈనే ఆడవి తగ్గుతాయి. 2012 నుంచి 2016 దాకా కాలిఫోర్నియాను పట్టిన కరువులో ఇది తీవ్రమైంది. సాన్ మిగెల్‌లో 2013 నుంచి చచ్చిన నక్కల పేగుల్లో ముళ్లతల పురుగులు కనిపించడం మొదలైంది. పేగు గోడకు కొక్కేల్లాంటి ముళ్లతో అతుక్కుని దాన్ని చీల్చే పరాన్నజీవి ఇది. కిక్కిరిసిన జనాభా, తిండి లేని ఏళ్లు, పైన పురుగు, మూడూ కలిశాయి. అక్కడ సంఖ్య ఆ తర్వాత బాగా తగ్గింది. దీన్ని చూసి మళ్లీ బోనుల్లో పెట్టాలని కంగారుపడనక్కర్లేదు. నిండిన దీవి మీద కొంత తగ్గుదల మామూలే. పెద్దవాటి మరణాలు ఏ స్థాయిలో ఆగుతాయన్నదే చూసుకోవాల్సింది.

కాటలీనాలో ఇంకో వింత చిక్కు. చెవిలో చేరే మైట్ అనే అతి చిన్న నల్లి వల్ల వాపు, వాపు వల్ల చెవి గ్రంథుల్లో కణితులు. పెద్ద వయసు నక్కల్లో ఇవి చాలా ఎక్కువ. నల్లిని చంపే మందు వేసిన నక్కల్లో నల్లీ తగ్గింది, కణితికి ముందు వచ్చే వాపూ తగ్గింది. బోనులో చిక్కినప్పుడు చెవిలో నాలుగు చుక్కలు వేయడంతో అయ్యే పని.

జన్యువుల సంగతి మరీ విచిత్రం. ఈ ఆరు దీవుల్లో ఒకటైన సాన్ నికోలస్ మీది నక్కల జన్యువుల్లో వైవిధ్యం దాదాపు శూన్యమని 2016లో తేలింది. పుస్తకాల ప్రకారం ఇలాంటి జనాభా జబ్బులతో, వైకల్యాలతో ఎప్పుడో పోయివుండాలి. పోలేదు. వేల ఏళ్లుగా చిన్న గుంపుగానే బతకడం వల్ల, అతి ప్రమాదకరమైన జన్యులోపాలు ఉన్నవి ముందే రాలిపోయి ఉంటాయన్నది తర్వాతి విశ్లేషణ. దీన్ని పట్టుకుని పదిహేను నక్కలు మిగిలినా ఫరవాలేదనడం తప్పు. పెద్ద జనాభా నుంచి ఒక్కసారిగా కుదించుకుపోయిన జంతువుకు ఈ వెసులుబాటు ఉండదు.

రోళ్లపాడులో ఇదే లెక్క వేస్తే

మన గుంటనక్కా చిన్నదే, రెండు నుంచి నాలుగు కిలోల లోపు. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానాల్లాంటి చోట్ల, మెట్ట చేల గట్ల మీద బొరియలు తవ్వుకుని ఉంటుంది. జంటగా బతుకుతుంది, ఏడాదికి ఒక్క ఈత, గర్భం ఏడు వారాల పైన. పురుగులు, ఎలుకలు, రేగుపండ్లు తింటుంది. జీవితం తీరు దీవి నక్కను పోలినదే, కాబట్టి వంద నక్కల లెక్క దీనికీ చాలావరకు వర్తిస్తుంది. ఈత పెద్దది కావడం వల్ల కొంచెం ఎక్కువ తట్టుకుంటుంది, అంతే.

ఇక్కడ పందుల స్థానంలో ఉన్నది ఊరకుక్క. దానికి అన్నం ఊళ్లో దొరుకుతుంది, పశువుల కళేబరాల దగ్గర దొరుకుతుంది. నక్కలు ఉన్నా పోయినా కుక్కల సంఖ్య మారదు. అదే బ్రేకు లేని బండి. మహారాష్ట్రలోని షోలాపూర్ దగ్గర నన్నజ్ బట్టమేక అభయారణ్యం చుట్టూ అబీ తమీమ్ వనక్, ఇతరులు చేసిన పరిశోధనల్లో, నక్కలు కుక్కలున్న చోటికి రావడం తగ్గిస్తాయని, ఆ ఊళ్ల కుక్కల్లో అత్యధిక శాతం ఏదో ఒకప్పుడు డిస్టెంపర్, పార్వో వైరస్‌ల బారిన పడ్డవేనని తేలింది. గిర్‌లో 2018లో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు దొరికిందీ ఈ డిస్టెంపరే.

గుంటనక్కల కోసం ఇక్కడ పని చేయాలనుకునేవారు బోనుల్లో పెంపకం జోలికి పోనక్కర్లేదు. జనవరి నుంచి మే దాకా వాడుకలో ఉన్న బొరియల్ని గుర్తించి, ఒక్కోదాని దగ్గర కెమెరా పెట్టి, ఎన్ని జంటలు ఈనాయో, ఎన్ని పిల్లలు బయటికొచ్చాయో రాసుకోవాలి. మరుసటి ఏడు అదే బొరియల పరిధిలో పెద్దవి ఎన్ని మిగిలాయో చూడాలి. రోడ్డు మీదో చేనులోనో చచ్చిన నక్క కనిపిస్తే పూడ్చెయ్యకుండా, ఒట్టి చేత్తో ముట్టకుండా, రేబీస్ ఉండొచ్చు కాబట్టి, అటవీశాఖకు చెప్పి అదే రోజు పశువైద్యుడి పరీక్షకు చేర్చాలి. చుట్టుపక్కల ఊళ్ల కుక్కలకు రేబీస్ టీకాతోపాటు డిస్టెంపర్ టీకా కూడా వేయించాలి. కుక్కలకు మామూలుగా వాడే టీకా వాటికి చాలు. నక్కను పట్టి సూది పొడవాల్సిన అవసరం అప్పుడు చాలావరకు తప్పుతుంది.